అకోఫా అంగీలు, దోట్సె పట్టీలు

అకోఫా తన తండ్రి గుడ్డ మీద కత్తెర పెట్టిన రోజున అగ్బొజుమె ఊరి నేతగాళ్ళలో సగం మంది ఆమెతో మాటలు మానేశారు. ఆ సగంలో మొదటివాడు దోట్సె.

అతని కోపానికి కారణం ఉంది. ఆ గుడ్డ క్పోడో నేసింది. క్పోడో అకోఫాకు తండ్రి, దోట్సెకు గురువు. నాలుగు వేళ్ళ వెడల్పున్న పట్టీలు ఇరవై నాలుగు, అంచుకు అంచు కలిపి కుట్టిన కెటె గుడ్డ అది. మగవాడు దాన్ని ఒంటి చుట్టూ తిప్పుకుని కొస ఎడమ భుజం మీద వేసుకుంటాడు. పెళ్ళికీ అదే, పంచాయితీకీ అదే, చివరికి చావు రోజున శవం మీద కప్పి, పాతిపెట్టే ముందు తీసి ఇంట్లోవాళ్ళు దాచుకునేదీ అదే. దాన్ని మడుస్తారు, దులుపుతారు, అవసరం పడితే తాకట్టు పెడతారు, కానీ కోయరు. క్పోడో పోయిన మూడో ఏట అకోఫా దాన్ని బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీతలు గీసి, కోసేసింది.

పినతండ్రులూ మేనమామలూ కూర్చుని ఆమెకు రెండు సీసాల సారా జరిమానా వేశారు. ఆమె తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది.

"తాగండి. తాగాక నేనేం కుట్టానో కూడా చూసి పొండి," అంది.

వాళ్ళు తాగారు. చూడలేదు. దోట్సె ఏడాది పాటు ఆమె ఇంటి ముందు నుంచి నడవడం ఇష్టం లేక, ఉప్పుమడుల మీదుగా చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళాడు.

అలాగని వాళ్ళిద్దరూ ముక్కూ మొహం ఎరగనివాళ్ళు కాదు. ఒకే చాప మీద కూర్చుని కండెలు చుట్టినవాళ్ళు. తొమ్మిదేళ్ళప్పుడు దోట్సెను పని నేర్చుకోమని క్పోడో పాకలో వదిలి వెళ్ళారు. అదే ఈడు అకోఫా అప్పటికే తండ్రికి కండెలు చుట్టి ఇస్తోంది. ఆమె చుట్టిన కండె గోలీలా గట్టిగా ఉండేది. దోట్సె చుట్టినది నాడెలో పెట్టగానే జారిపోయేది. "ఒరే కవలల తోకా, నీ కండెకి జ్వరమొచ్చిందిరా!" అని వెక్కిరించేది. కవలల తరవాత పుట్టినవాడికి దోట్సె అని పేరు పెడతారు. కాబట్టి ఆ తోక అతనికి పుట్టుకతోనే వచ్చింది.

పన్నెండో ఏట క్పోడో అతణ్ణి మగ్గం మీద కూర్చోబెట్టాడు. అకోఫా తనూ కూర్చుంటానంది. ఆడపిల్ల మగ్గం మీద కూర్చోదన్నాడు తండ్రి. ఎందుకని అడిగింది. "ఎందుకో నాకూ తెలీదు. నీకు చేతులున్నాయి. వాటికి వేరే పని చూసుకో," అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు. ఎందుకో ఆయనకు నిజంగానే తెలీదు.

ఆమె చూసుకుంది. తల్లితో పాటు కొన్నాళ్ళు సంతలో ఉడికించిన కర్రపెండలం పిండి అమ్మింది. తరవాత చలిదేశాల నుంచి మూటల్లో వచ్చే పాత బట్టలు అమ్మింది. ఆ మూటల్లో అడుగున ఎప్పుడూ నాలుగైదు ఉన్ని కోట్లు మిగిలేవి. మా ఎండలో వాటిని ఎవరు కొంటారు? మిగతా ఆడవాళ్ళు వాటిని నేల తుడుచుకోవడానికి వాడేవాళ్ళు. అకోఫా ఇంటికి తెచ్చి, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పి, ముక్కల్ని నేల మీద వరసగా పేర్చేది. భుజం ముక్క ఇలా ఎందుకు వంగింది, చెయ్యి ముక్కకు పైన ఆ మిట్ట ఎందుకు అని చూసి, మళ్ళీ కుట్టేది. మళ్ళీ విప్పేది. అయిదేళ్ళు అదే బడి. అయ్యవారు లేడు, సర్టిఫికెట్టూ లేదు. ఆ బడి అయ్యాకే తండ్రి గుడ్డ బల్ల మీదకి వచ్చింది.

ఆ గుడ్డతో ఆమె కుట్టిన అంగీని దోట్సె ఒక చావు దగ్గర చూశాడు. డప్పులు మోగుతున్నాయి. జనంలో అతని ముందు అకోఫా తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఆ అంగీయే. ముందు బొత్తాలు, మెడకు కాలరు. దోట్సె చూడకూడదనుకున్నాడు. కానీ కళ్ళు నేతగాడివి. వీపు మధ్య కుట్టు దగ్గర గురువుగారి ఎర్ర గడి కుట్టు దాటి అవతలి ముక్కలో అదే వరసలో కలిసింది. భుజం దగ్గరా కలిసింది. చంక కింద ఎవరూ చూడని చోట కూడా కలిసింది. అంచు పట్టుకుని లోపలివైపు తిప్పాడు. కోసిన ప్రతి అంచుకూ సన్నని గుడ్డ చుట్టి కుట్టి ఉంది. ఒక్క పోగు కూడా జారలేదు.

"ఏంటి ఎఫో, పీనుగ అక్కడుంటే నా నడుం తడుముతున్నావ్?" అన్నాడు ఆ తమ్ముడు. పెద్దవాణ్ణి ఎఫో అంటారు గనక మర్యాదకేం లోటు రాలేదు. చుట్టూ నలుగురూ మాత్రం నవ్వారు.

మర్నాడు తెల్లారే దోట్సె అకోఫా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంట్లోవాళ్ళు లేచారా?"

"లేచారు. మీ ఇంట్లోవాళ్ళు లేచారా?"

"లేచారు. పిల్లలు లేచారా?"

"లేచారు."

పలకరింపులు అయ్యాక అతను అసలు సంగతి అడిగాడు. "చంక కింద గడి ఎలా కలిపావ్?"

"ఏడాది తరవాత నోరు తెరిచి, అడిగేది ఇదా?"

"చెప్తావా, పోనా?"

"కూచో. సంకటి తిను. చూపిస్తా."

ఆ రోజు నుంచి ఆమె అంగీలకు గుడ్డ నేసేది దోట్సె. గిరాకీ పెరిగాక మరో అయిదుగురు చేరారు. అయిదుగురూ దోట్సె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. అకోఫా కూడలిలో ఒక కొట్టు తీసుకుంది. నాలుగు కుట్టు మిషన్లు, ఎసినామ్ అనే మంచి కుట్టుపనిగత్తె, గోడకు ఒక నిలువుటద్దం. అచ్చు గుడ్డ కుప్పలుగా వస్తున్న కాలం అది. మా గళ్ళనే కాగితం మీద బొమ్మ వేసినట్టు నూలు గుడ్డ మీద అచ్చు వేసి, మేము నూలు కొనే ధరకే గుడ్డ అమ్ముతున్నారు. దాని ముందు చేతి నేత నిలవాలంటే ఏం చెయ్యాలో అకోఫా ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. గళ్ళు కలిపింది. అచ్చు గుడ్డ కుట్టేవాళ్ళు ఆ శ్రమ పడరు.

ఇలా ఆరేళ్ళు గడిచాక రాజధాని అక్రా నుంచి పెద్ద పని వచ్చింది. కొత్తగా తెరవబోతున్న ఒక హోటలు. అందులో పనివాళ్ళకు నలభై అంగీలు కావాలి. చూడటానికి వచ్చినావిడ మేడం అసారే. కొట్టులో వేలాడుతున్న అంగీని లోపలా బయటా చూసి, బొత్తాలు పెట్టి చూసి, ఒక్కటే మాట చెప్పింది.

"నలభై మంది ఒక వరసలో నిలబడితే నలభై మందికీ గళ్ళు ఒకే ఎత్తున ఉండాలి. ఉంటే మా మిగతా రెండు హోటళ్ళకూ మీరే. లేకపోతే నాకు అచ్చు గుడ్డ వాడు రోజూ ఫోను చేస్తూనే ఉన్నాడు."

గడువు ఎనిమిది వారాలు. కుదిరితే ఆరు మగ్గాలకూ ఏడాది పొడుగునా పని. కుదరకపోతే ఆరుగురిలో ముగ్గురు మళ్ళీ సరిహద్దు దగ్గర మూటలు మోయడానికి పోతారు. ఇది అందరికీ తెలుసు. అకోఫా ఒకే రంగుల నూలు పంచింది. గడి ఎంత పొడవుండాలో గాట్లు పెట్టిన కర్ర ముక్క ఒకటి ఒక్కొక్కడి చేతిలో పెట్టింది.

"మీ జానలూ మీ వేళ్ళూ నాకొద్దు. కర్రే కొలత," అంది.

కర్ర మంచిదే. కానీ కర్రకు తెలియని సంగతి ఒకటి ఉంది.

మా మగ్గంలో పడుగు నేతగాడి ఎదుట ఇరవై అడుగుల దూరం సాగి ఉంటుంది. దాని అవతలి కొసను ఒక చెక్క మీద పెట్టిన బండలకు కడతారు. నేసిన కొద్దీ గుడ్డను ఒళ్ళో ఉన్న కర్రకు చుట్టుకుంటే, ఆ బండ నేల మీద ఈడ్చుకుంటూ దగ్గరికి వస్తుంది. బండ బరువే పడుగుకు బిగువు. క్పోడో పాకలో బరువు ఎంతుండాలో ఒక లెక్క ఉంది: రెండు బండలు, కలిపి ఎత్తితే ఒక మగవాడికి నడుం పట్టేసేంత. దోట్సె తన దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజే ఆ రెండు బండలూ ఎత్తించేవాడు.

ఈ పని మొదలవడానికి పది రోజుల ముందు, ఆ ఏటి వానల్లో, దోట్సె సరిహద్దు ఊరు అఫ్లావ్ నుంచి నూలు బస్తా తెస్తూ లారీ మీద నుంచి జారి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక విరగలేదు. కానీ గుడ్డ చుట్టుకోవడానికి కర్ర తిప్పినప్పుడల్లా, ఆ రెండు బండల బరువూ భుజంలో సూదిలా దిగేది. భార్య యావా రోజూ నూనె రాసేది. వారం ఓపిక పట్టి, ఒక తెల్లారుజామున అతను చెక్క మీద నుంచి ఒక బండ తీసి గోడ పక్కన పెట్టాడు. అతని మగ్గం సొంత పెరట్లో ఉంది, పాకలో కాదు. ఎవరూ చూడలేదు. భుజం ఒప్పుకుంది. గుడ్డా ఒప్పుకున్నట్టే కనిపించింది. పని మొదలయ్యాకా గడి కొలత కర్రకు సరిపోతోంది కదా అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నవాడు ఒక బండ బరువు మోయలేకపోతున్నానని చెప్పుకోవడం అంత తేలిక కాదు.

ఆరో వారంలో, పట్టీలన్నీ దిగి, ఉతికి ఆరేసి, కొట్టులో కుట్టడం మొదలయ్యాక, అకోఫా అతని పెరట్లోకి వచ్చింది. ఇంట్లోవాళ్ళు లేచారా అని అడగలేదు. అప్పుడే దోట్సెకు ఏదో అయిందని తెలిసింది.

"రా. చూద్దువుగాని."

కొట్టులో ఎసినామ్ రెండు పట్టీలు పక్కపక్కన కుట్టి బల్ల మీద పెట్టింది. మొదటి గడి కలిసింది. రెండోదీ కలిసినట్టే ఉంది. నాలుగోదాని దగ్గర బియ్యపుగింజంత తేడా. ఎనిమిదో గడికి వచ్చేసరికి ఒక పట్టీ రెండోదానికన్నా వేలి మందం దిగువకు జారింది.

"ఇలాంటివి పద్నాలుగు ముక్కలు కుట్టేశాను దావీ," అంది ఎసినామ్. అకోఫాను అక్కలాగా దావీ అనే పిలుస్తుంది. "మొదట నా కుట్టే వంకర అనుకున్నా. విప్పి మూడుసార్లు కుట్టా. దారం అరిగింది గాని గడి కదల్లేదు."

"అందరికీ ఒకే కర్ర ఇచ్చాను," అంది అకోఫా. "ఎవడో ఒకడు కర్ర పక్కన పెట్టి నోటికొచ్చినట్టు నేశాడు. ఉతికాక అన్నీ కలిసిపోయాయి, ఏది ఎవడిదో నాకు తెలీదు. నీకు తెలుస్తుంది. ఇది ఎవడి చెయ్యి?"

దోట్సె జారిన పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. అంచు చూడనక్కర్లేదు, పేక లెక్కపెట్టనక్కర్లేదు. చెయ్యి తాకగానే తెలిసింది. మెత్తగా ఉంది. బిగువు తక్కువ. మిగతా పట్టీలు రెండు బండల బిగువు మీద సాగి, మగ్గం దిగాక ముడుచుకున్నాయి. ఇది సాగనూ లేదు, ముడుచుకోనూ లేదు. ఇది అతనిదే.

"అగ్బెకోదేనా?" అని అడిగింది అకోఫా.

అగ్బెకో ఆరుగురిలో మాటకారి. నేస్తూ నేస్తూనే మంత్రుల్ని దించేస్తాడు, ఎక్కిస్తాడు. దోట్సె వాణ్ణి ఎన్నోసార్లు, "వీడు నేసేది సగం గుడ్డ, సగం మాటలు," అని పదిమందిలో అన్నాడు. అందుకే ఆమెకు ఆ పేరే తట్టింది.

దోట్సె పట్టీని బల్ల మీద పెట్టాడు.

"కావచ్చు," అన్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని బెండకాయ పులుసులో వేలు పెట్టి తిప్పుతున్నాడు గాని తినడం లేదు. యావా చూసింది.

"చేపలో ముల్లుందా?"

"లేదు."

"మరి ముద్ద ఎందుకు దిగట్లేదు?"

చెప్పాడు. ఆమె పులుసు గరిటె కింద పెట్టి వింది. చివరికి, "నీ భుజానికి నూనె రాస్తే తగ్గుతుంది. అగ్బెకో పేరుకి నేనేం రాయను?" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మా పాకలో ఒక పద్ధతి ఉంది. ఒకడి నేత మీద మాట పడితే, వాడు మధ్య మగ్గం మీద కూర్చుని అందరి ముందూ జానెడు నేసి చూపించాలి. తరవాత బండను ముందుకు జరిపి, పడుగు వదులు చేసి, ముడుచుకున్న గడిని కొలుస్తారు; దానికి కర్ర మీద వేరే గాటు ఉంటుంది. వాదనలు లేవు, సాక్షులు లేరు. గుడ్డే చెబుతుంది. మర్నాడు పొద్దున్నే అకోఫా అందర్నీ పిలిచింది. పాక గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఒళ్ళో కొలత కర్ర పెట్టుకుని కూర్చుంది.

అగ్బెకో లోపలికి వస్తూనే మొదలుపెట్టాడు. "ఏంటి దావీ, నా పెళ్ళి మళ్ళీ చేస్తున్నారా? ఇంతమంది వచ్చారు!"

"నీ పట్టీలు జారుతున్నాయంటున్నారు."

అగ్బెకో నవ్వు ఆగిపోయింది. "ఎవరన్నారు?"

దోట్సె పాక కప్పు వైపు చూశాడు.

"నేను వాగుతానని అందరికీ తెలుసు," అన్నాడు అగ్బెకో. "నా నోరు నాకు అడ్డం పడితే పడనీ. నా చేతినెందుకు అంటారు? దావీ, ఈ పని పోతే నాకు మిగిలేది సరిహద్దు మూటలే. ఆ సంగతి తెలిసే అంటున్నారా?"

"కూచుని నెయ్యి," అంది ఆమె.

నేశాడు. జీవితంలో మొదటిసారి ఒక్క మాట లేకుండా నేశాడు. బండ జరిపి కొలిచారు. గడి కర్రకు కచ్చితంగా సరిపోయింది. అకోఫా మళ్ళీ కొలిచింది. సరిపోయింది.

"ఇంకెవరు?" అంది.

మిగతా నలుగురూ ఒకరి తరవాత ఒకరు కూర్చున్నారు. నలుగురివీ సరిపోయాయి. ఎండ పాకలోకి సగం దాకా వచ్చింది.

"ఎఫో దోట్సె మిగిలాడు," అన్నాడు ఒకడు.

"ఆయన్నెందుకురా?" అన్నాడు అగ్బెకో. "మన చేత బండలు ఎత్తించింది ఆయన. ఆయన నేత కొలిస్తే కర్రకే తప్పు."

"అవును, వద్దులే," అంది అకోఫా.

దోట్సె అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. కానీ లేచాడు. లేచి మధ్య మగ్గం మీద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆ క్షణాన అతనికీ సరిగ్గా తెలియదు. ఎదుట చెక్క మీద రెండు బండలున్నాయి. నాడె వేశాడు. పన్నెతో పేకను దగ్గరికి కొట్టాడు. మొదటిసారి కర్ర తిప్పి గుడ్డ చుట్టుకునేసరికి భుజంలో నిప్పు పడింది. మొహం మీద ఏమీ కనపడనివ్వలేదు. రెండో గడి. మూడో గడి. చెమట ముక్కు మీద నుంచి గుడ్డ మీద పడింది. జానెడు అయింది.

అకోఫా కొలిచింది. గడి కర్రకు కచ్చితంగా సరిపోయింది.

పాకలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అకోఫా మాత్రం కర్రను ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూస్తూ ఉండిపోయింది.

"అయితే తప్పు నాదే," అంది. "ఉతికిందీ ఆరేసిందీ నేనే. కొన్ని ఎండలో వేశాను, కొన్ని నీడలో వేశాను. లేకపోతే నూలే రెండు రకాలు వచ్చి ఉంటుంది, నేను చూసుకోలేదు. ఆ మేడంకి ఫోను చేసి చెప్పేస్తాను. అగ్బెకో, నిన్ను అన్నందుకు తప్పు ఒప్పుకుంటున్నాను."

"చెయ్యకు," అన్నాడు దోట్సె.

"ఏం చెయ్యకు?"

"ఫోను. నూలు ఒకటే. ఎండ కాదు, నీడ కాదు. ఇప్పుడు నేను నేసింది రెండు బండల మీద. మా పెరట్లో ఒక్క బండే ఉంది. వానల నుంచీ అంతే. ఈ భుజం పనికిరాకుండా పోయింది, అందుకని తీసేశాను. జారిన పట్టీలన్నీ నావి."

అకోఫా ఒళ్ళోని కర్ర తీసి కింద పెట్టింది.

"నిన్న నువ్వు చేతికిచ్చినప్పుడే తెలిసింది," అన్నాడు. "తెలిసే కావచ్చన్నాను." తరవాత అగ్బెకో వైపు తిరిగాడు. ఆ పాకలో గురువు శిష్యుడితో అలా మాట్లాడటం ఎవరూ వినలేదు. "నీ మీద మాట పడేసింది నేను. నువ్వు మంచి నేతగాడివి. ముందే అనాల్సింది."

అగ్బెకో తల గోక్కున్నాడు. "నేను కూర్చుని నేస్తుంటే చూస్తూనే ఉన్నావుగా ఎఫో," అన్నాడు. "నేను ఇవాళ పొద్దున్నే సంకటి కూడా తినలేదు తెలుసా?"

అకోఫా లేచింది. ఆమె అరుస్తుందనుకున్నారు. ఆమె వేళ్ళ మీద లెక్కపెడుతోంది.

"నీవి ఎన్ని పట్టీలు?"

"ఆరింట ఒక వంతు."

"అన్నీ ఒకే బండ మీదేనా? మధ్యలో మార్చావా?"

"అన్నీ ఒకే బండే."

"అయితే వాటిలో వాటికి తేడా లేదు. ఒకదానితో ఒకటి కలుస్తాయి." ఆమె గొంతులో కోపం ఉంది, కానీ పని ముందుంది. "పద కొట్టుకి. నీ పట్టీలన్నీ వేరు చెయ్యి. నీవి ఒక అంగీకి, వాళ్ళవి ఒక అంగీకి. ఒక ఒంటి మీద రెండు బిగువులు కలవకూడదు. నీ భుజం సంగతి తరవాత మాట్లాడుకుందాం, కవలల తోకా. చాలా మాట్లాడేది ఉంది."

రెండు రోజులు దోట్సె కొట్టు నేల మీద కూర్చుని పట్టీలు తడిమాడు. కళ్ళు మూసుకునే చేశాడు, కళ్ళు రంగులు చూసి మోసపోతాయని. మెత్తనివి ఎడమకు, గట్టివి కుడికి. ఎసినామ్ అప్పటికే కుట్టిన పద్నాలుగు ముక్కలూ విప్పింది. మొదటి రోజంతా ఆమె అతనితో మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నం మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. చివరికి గట్టి బిగువుతో ముప్పై మూడు అంగీలు, మెత్తని బిగువుతో ఏడు తేలాయి. గడువుకు ఒక రోజు ముందు నలభై అంగీలూ తయారయ్యాయి.

అకోఫా వాటిని వ్యానులో అక్రా తీసుకెళ్ళింది. ఏడూ వేరే మూటలో కట్టి, మేడం అసారే అడగకముందే చెప్పింది: ఇవి వేరే బిగువు, గడి కాస్త పొడవుంటుంది అని. మేడం నలభై అంగీలూ ఒక వరసలో వేలాడదీయించింది. ఏడింటి ముందు ఆగింది.

"విడిగా చూస్తే వీటికే మార్కులు ఎక్కువ వేస్తాను. మెత్తగా ఉన్నాయి," అంది. "కానీ వరసలో ఉంటే నా కళ్ళు వీటి మీదే పడుతున్నాయి. ముప్పై మూడు తీసుకుంటాను. ఆ ఏడు నెల లోపల మళ్ళీ చేసి తెండి. రెండో హోటలు సంగతి అవి చూశాక."

సాయంత్రం అకోఫా ఏడు అంగీల మూటతో తిరిగి వచ్చి, నేరుగా దోట్సె పెరట్లోకి నడిచింది. ఈసారి ఇంట్లోవాళ్ళు లేచారా అని అడిగింది. పొద్దుపోయే వేళకు ఆ మాట ఎవరూ అడగరు. అయినా అతను లేచారన్నాడు.

"ఏడు వెనక్కొచ్చాయి."

"నావే."

"నీవే. కొట్టులో ఒక్కొక్కటీ విడిగా అమ్ముతాను, ఫరవాలేదు. కానీ కొత్తవి ఏడు నేయాలి. నువ్వు నేయకూడదు."

దోట్సె గోడకు ఆనుకున్నాడు. "మరి నేనేం చెయ్యాలి? ఉప్పుమడుల్లో కొంగలు తోలనా?"

"మిగతా అయిదు మగ్గాలకూ పడుగు నువ్వు పెట్టు. దానికి మేకుల చుట్టూ నూలు తిప్పే నడక కావాలి గాని భుజం అక్కర్లేదు. పట్టీ దిగగానే నీ దగ్గరకి రావాలి. నువ్వు తడిమి సరే అంటేనే ఎసినామ్ కత్తెర తీస్తుంది."

"నా పట్టీని నేనే తడిమి అబద్ధం చెప్పాను. మళ్ళీ నన్నే తడమమంటావా?"

"నీ చెయ్యి అబద్ధం చెప్పలేదు. చెప్పింది నోరు. నోటికి నేను పని ఇవ్వడం లేదు."

అతను ఒప్పుకున్నానని అనలేదు. కానీ ఆ వారం నుంచి పొద్దున్నే పాకకు వెళ్ళి పడుగు పెట్టడం మొదలుపెట్టాడు. పెరట్లో మగ్గం ఖాళీగా ఉంది. రెండో రోజు యావా దాని మీద బట్టలు ఆరేసింది. అతను చూసి ఏమీ అనలేదు.

కొత్త ఏడింటిలో మొదటి పట్టీని మగ్గం నుంచి దించింది అగ్బెకో. చుట్ట చుట్టి తెచ్చి అతని ఒళ్ళో పడేశాడు.

"తీసుకో ఎఫో. దీన్ని పట్టుకుని 'కావచ్చు' అను చూద్దాం!"

పాకలో అందరూ నవ్వారు. దోట్సె కూడా కాస్త నవ్వాడు, తప్పదు. పట్టీ విప్పి వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చాడు. ఒక చోట ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఆగాడు.

"అయిదో గడిలో ఒక పేక వదులుగా కొట్టావ్."

"ఒక్క పేకా? ఎఫో, నీ బండ ఏడు అంగీలు మింగింది. నాది ఒక్క పేక!"

"ఏడు మింగాకే కదా నాకు తెలిసింది. విప్పు."

అగ్బెకో పట్టీ లాక్కుని, దీపం దగ్గరికి తీసుకెళ్ళి, అయిదో గడిలో పేకలు గోటితో లెక్కపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. రెండోసారి లెక్కపెట్టాడు. తరవాత ఏదో గొణుక్కుంటూ కూర్చుని, సూది తీసి, విప్పడం మొదలుపెట్టాడు.